పది కంటే తొమ్మిది పెద్ద

సర్కారు లెక్కలో పది కంటే తొమ్మిది పెద్దది. అనుమానమున్నవారు గెజిటెడ్ సంతకంతో, మూడు ప్రతుల్లో, తమ అనుమానాన్ని సమర్పించుకోవచ్చు.

ఈ పరమసత్యం వాల్యాకు మహబూబాబాద్ సర్టిఫికెట్ల ఆఫీసులో బోధపడింది. సకల జనుల సమ్మె ముగిసి ఆఫీసులు తెరిచాక వచ్చిన తొలి సోమవారమది. ఆయన కూతురు కళావతికి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదులోపు కుల సర్టిఫికెట్ ఇస్తే సీటు ఆమెది, లేదంటే వరుసలో తర్వాతి పిల్లది. రాష్ట్రం కోసం నలభై రెండు రోజులు రోడ్డు మీద కూర్చున్న వాల్యాకు ఐదు రోజులు ధారాళంగా కనిపించాయి.

ఆపరేటర్ సంపత్ మీట నొక్కాడు. సర్టిఫికెట్ల ప్రోగ్రాం వెర్షన్ పాతదైందంది కంప్యూటర్. సంపత్ నివ్వెరపోయాడు. 1.9 పోయి కొత్తది, 1.10, ఆ పొద్దున్నే వచ్చి కూర్చుంది మరి. కానీ ప్రోగ్రాం రాసిన హైదరాబాద్ మహానుభావుడు పాయింటు తర్వాతి పదిని దశాంశంగా చదివించాడు. 1.10 అంటే ఒకటి పాయింట్ ఒకటేనట, తొమ్మిది ముందు అదెంత! అందుకని కంప్యూటర్ కొత్తదాన్ని పీకేసి 1.9 వేసుకుంది. వేసుకున్నాక, 1.9 రద్దయిందని తెలిసి మళ్లీ 1.10 తెచ్చుకుంది. సాయంత్రం దాకా గానుగెద్దు తిరిగినట్టు ఇదే తంతు.

మంగళవారం సంపత్ హైదరాబాద్‌కు, వెర్షన్ల పర్యవేక్షణాధికారి లక్ష్మీకాంత్ గారికి ఫోన్ కలిపి వాల్యా చేతికిచ్చాడు.

"సారూ, మా తండాల ఒకటి డ్యాష్ తొమ్మిది టీక్యా అనేటోని ఇల్లు. దాని పక్కపొంటి ఒకటి డ్యాష్ పది మాది. గీత అవుతలి అంకెను ఇడిగ సదువుకుంటం. పోస్టాయనకు ఎన్నడు పరేషాన్ గాలే," అన్నాడు వాల్యా.

లక్ష్మీకాంత్ గారు ఓపిగ్గా విన్నారు. గీత పంచాయతీ పరిధిలోకి వస్తుందనీ, చుక్క గణితం పరిధిలోదనీ, చుక్కను గీతగా భావించే అధికారం తమకు లేదనీ సెలవిచ్చారు. బుధవారం దీనిపై కమిటీ వేశారు. అది మూడు ప్రాంతాలూ తిరిగి అభిప్రాయాలు సేకరిస్తుందట. (కమిటీ అంటే ఏమిటో ఆ ఏడాది తెలంగాణలో చంటిపిల్లకు కూడా చెప్పనక్కర్లేదు.)

గురువారం సంపత్ తెగించి సర్టిఫికెట్‌ను చేత్తో రాయించి, తహసీల్దార్ సంతకం, ముద్ర వేయించాడు. కాలేజీవాళ్లు దాన్ని తిప్పి తిప్పి చూశారు. కింద వెర్షన్ నంబరు లేదని తిప్పి పంపారు. తహసీల్దార్‌ను నమ్మరు గానీ చుక్కను నమ్ముతారు, ఏం చదువులో ఏమో! శుక్రవారం ఐదు దాటింది. సీటు తర్వాతి పిల్లకు పోయింది.

నెల తర్వాత కమిటీ చిక్కు విప్పింది. పది పెద్దదా తొమ్మిది పెద్దదా అన్న సున్నితమైన విషయం జోలికి పోకుండా, కొత్త ప్రోగ్రాంకు 2.0 అని పేరు పెట్టింది. దాంట్లోంచి వచ్చిన తొలి సర్టిఫికెట్ కళావతిదే. లక్ష్మీకాంత్ గారు స్వయంగా ఫోన్ చేసి అభినందించారు.

"మా బిడ్డ సీటు ఎట్ల సారూ?" అన్నాడు వాల్యా.

సీట్లు వేరే శాఖ చూస్తుందన్నారాయన. సర్టిఫికెట్‌కు మాత్రం గడువంటూ లేదనీ, కళావతి ఎప్పుడైనా నిశ్చింతగా వాడుకోవచ్చనీ భరోసా ఇచ్చారు.