యాదలక్ష్మి కళ్లు

ఆ శుక్రవారం పొద్దున సీతారాములుకు ఉన్నది ఒక్కటే పని. నిరుడు చనిపోయిన భార్య యాదలక్ష్మి బొమ్మకు కళ్లు చెక్కాలి. మర్నాడే సంవత్సరీకం. ఆలోగా రాయి నల్లగొండ దగ్గరి సొంతూరు చేరి, పొలం గట్టున నిలబడాలి. ముప్పై ఏళ్లుగా కొత్తపేట ఫుట్‌పాత్ మీద కూర్చుని ఎవరెవరి సమాధి రాళ్లో చెక్కినవాడికి, సొంత భార్య రాయికి మాత్రం ఏడాది పట్టింది. ఉలి పట్టినప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేవాడు పాపం.

కళ్లు చివరనే చెక్కాలి, అంతకుముందు రాయికి బొట్టు పెట్టాలి. అది తండ్రి నేర్పిన పద్ధతి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, అగరొత్తి వెలిగించాడు. తీరా చూస్తే సన్న ఉలి మొన మొద్దుబారింది. సాన పట్టించుకొద్దామని పక్క గల్లీకి వెళ్లాడు. అదే కొంప ముంచింది.

తిరిగొచ్చేసరికి ఎదుటి అపార్ట్‌మెంట్ అమ్మాజీ, రాయి ముందు కొబ్బరికాయ కొట్టి కళ్లు తుడుచుకుంటోంది. "రైతుబజారుకి వెళ్తుంటే కనబడింది తల్లి. మా అబ్బాయి అభిరామ్‌కి ఉద్యోగం రావాలని దండం పెట్టానో లేదో, ఫోనొచ్చేసిందండీ!" అని చుట్టూ చేరిన పదిమందికీ చెబుతోంది.

"అమ్మా, గామె దేవత గాదు. నా భార్య," అన్నాడు సీతారాములు.

"తప్పండీ! అమ్మవారిని పట్టుకుని భార్య అంటారా? లెంపలేసుకోండి!"

వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆయనకే తెలియదు. ఉలి ఎత్తబోతే నలుగురు చెయ్యి పట్టుకున్నారు.

"జర కళ్లన్న చెక్కనియ్యుండ్రి. రేపు సంవత్సరీకం. ఆమెను గుడ్డిదాన్ని చేసి తోలాల్నా?"

"కళ్లు మూసుకుని ధ్యానంలో ఉన్న తల్లికి ఉలి దెబ్బా? హవ్వ!" అంది అమ్మాజీ.

మధ్యాహ్నానికి షామియానా లేచింది. సాయంత్రానికి భక్తుల లైను రోడ్డెక్కింది. బతికినన్నాళ్లూ ఒక్క మంచి చీర కట్టని యాదలక్ష్మికి ఆరు పట్టుచీరలు వచ్చాయి. ఒక్కటైనా తాను కొనిపెట్టలేదే అని సీతారాములుకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఇక లాభం లేదని జేబులోంచి భార్య ఫొటో తీసి అమ్మాజీ చేతిలో పెట్టాడు. "చూడుండ్రి. గదే ముక్కు, గదే గదువ. నా పెండ్లామే!"

అమ్మాజీ ఫొటో చూసింది, రాయిని చూసింది. మళ్లీ ఫొటో చూసింది. హమ్మయ్య, ఇప్పటికి అర్థమైందనుకున్నాడు. ఆవిడ ఫొటోను కళ్లకద్దుకుని, వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"ఎంత పుణ్యాత్ములండీ! సాక్షాత్తూ అమ్మవారే మీతో కాపురం చేసి వెళ్లింది!"

ఆ ఫొటోకూ దండ పడింది. అంతలో ఊరి నుంచి కూతురు గీత ఫోను. "నాయినా, పొద్దుగూకవట్టె. అమ్మ రాయి ఎప్పుడొస్తది?"

"రాదు బిడ్డా. చుట్టాలనే ఈడికి రమ్మను," అన్నాడు సీతారాములు, లైన్లో నిలబడి చెప్పులు విప్పుతూ. "మీ అమ్మ దర్శనం రేపు పొద్దున ఆరింటికట."