గులాబీ పువ్వుల అచ్చు మెరిసిన రోజు

డిసెంబరు ఇరవై నాలుగో తారీకు పొద్దున్న విజయరత్నం వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన పోర్టు వర్క్‌షాపులో సీనియర్ ఫిట్టరు. పండగకి రెండు రోజులు సెలవు పెట్టాడు. భార్య దీవెనమ్మ చర్చిలో రంగు కాగితాలు కట్టడానికి తెల్లవారుతూనే వెళ్లింది. తొమ్మిదింటికి వచ్చి మూడొందల గులాబీ పువ్వులు వేస్తుంది. సాయంత్రం నాలుగింటికల్లా డబ్బా చర్చికి చేరాలి. ఈలోగా ఆవిడకి సాయంగా తను ఏదో ఒకటి చేసిపెట్టాలి. అంతే.

కాగే నూనెలో ఇనుప అచ్చును వేడి చేసి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెడితే రేకులు విచ్చుకుని జారిపడే ఆ పువ్వులంటే ఆ చర్చిలో పిల్లాజెల్లా అందరికీ ప్రాణం. క్రిస్మస్ ఆరాధన అయ్యాక ఆవరణలో టీ బల్ల మీద మొదట పెట్టే పళ్లెం విజయరత్నం ఇంటిదే. వాళ్లమ్మ మొదలుపెట్టింది. ఆవిడ పోయాక దీవెనమ్మ అందుకుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక్క ఏడూ తప్పలేదు, తుపానుకి ఊరంతా చీకటైపోయిన ఏడు కూడా తప్పలేదు. ఈ సంగతి ఆయన ఏటా తక్కువలో తక్కువ నలభై మందికి చెబుతాడు.

వంటింట్లో పిండి కలిపి సిద్ధంగా ఉంది. పక్కనే మేకుకి అమ్మ అచ్చు వేలాడుతోంది, కొసనుంచి కొసదాకా నల్లగా. ఇనుము మీద నలుపు చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. వర్క్‌షాపులో క్రేను పుల్లీలనే అద్దంలా మెరిపించే మనిషి, కన్నతల్లి అచ్చును ఇలా వదిలేశాడా అని ఆయనకి నిజంగానే సిగ్గేసింది. వంటసోడా, వైర్ బ్రష్షు, జీరో నంబరు ఎమరీ పేపరు తీసుకుని బాల్కనీలో కూర్చున్నాడు.

గంటన్నరలో అచ్చు తళతళలాడింది. ఒక్క సంగతే ఆయనకి అంతుపట్టలేదు. అప్రెంటిసుగా చేరిన కొత్తలో ఈ అచ్చు కాడ విరిగితే తనే కొత్త ఊచ వెల్డింగు చేశాడు. ఆయన జీవితంలో మొదటి వెల్డింగు అది. గుర్తుగా కాడ మీద తన వర్క్‌షాపు టోకెను నంబరు 417 పంచ్‌తో కొట్టి దింపాడు. ఎంత వెతికినా ఆ నంబరు కనిపించలేదు. మరీ గట్టిగా రుద్దేశానేమో అనుకుని తన చేతి బలానికి తనే ముచ్చటపడ్డాడు.

అక్కడితో ఆగితే కథ వాళ్లింట్లోనే అయిపోయేది. ఆయన ఫోటో తీశాడు. ఇరుగుపొరుగు వాళ్ల వాట్సాప్ గ్రూపులోనూ, చర్చి గ్రూపులోనూ పెట్టాడు. కింద ఇలా రాశాడు: "మా అమ్మ అచ్చు. పండగపూట నల్లటి అచ్చు వాడటం మనకి గౌరవం కాదు. వంటసోడా, వైర్ బ్రష్షు, జీరో నంబరు ఎమరీ. గంటన్నర చాలు. ఇట్లు, విజయరత్నం, సీనియర్ ఫిట్టరు." నిమిషంలో పదకొండు దండాలు, నాలుగు చప్పట్లు వచ్చాయి.

తొమ్మిదింటికి దీవెనమ్మ వచ్చింది. అచ్చు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటండీ ఇది?"

"అమ్మ అచ్చే! తోమీసేను. ఎలగుంది?"

దీవెనమ్మ చేతిసంచీ కింద పెట్టి, మోడా మీద కూలబడింది. "అది మురికనుకున్నారేటండీ? ఇన్నేళ్లు నూని తాగి తాగి పట్టిన నలుపండీ అది. ఆ నలుపుంటేనే పువ్వు జారుద్ది. ఇప్పుడు పిండి ఇనుముని పట్టుకుని ఒగ్గదు."

"నువ్వు మరీను. ఓపాలి ఏసి సూడు."

ఆవిడ వేసింది. పిండి అచ్చును పట్టుకుంది. విదిలించినా, తట్టినా వదల్లేదు. రెండోది అచ్చుతోపాటే మాడింది. మూడోదాన్ని విజయరత్నం స్క్రూడ్రైవరుతో ఊడదీస్తే పువ్వు రాలేదు, పొడి వచ్చింది.

"ద్వారకా నగర్ ఎల్లి కొత్తది కొనీసి తెచ్చేత్తాను," అన్నాడు చెప్పులేసుకుంటూ.

"కొత్తదీ ఇలాగే మెరుస్తాది కదండీ! రెండ్రోజులు నూనిలో నానితే గాని పనికిరాదు. మనకి నాలుగ్గంటల దాకే టైము. ఎవరింట్లోనైనా నల్లటి అచ్చు అడిగి తెండి. అత్తమ్మ పళ్లెం నా సేతిలో ఆగిపోతే నాను రేపు చర్చికి రాను."

పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆవిడ చర్చికి రానన్న మాట ఎప్పుడూ అనలేదు.

కింది వాటాలో నాగమణి ఉంటుంది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం, భర్త శ్రీనివాసరావుకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. సంక్రాంతికి వాళ్లూ గులాబీ పువ్వులు వేస్తారు. తలుపు తీస్తూనే నాగమణి మొహం వెలిగిపోయింది.

"రండన్నయ్యగారూ, మీకు నూరేళ్లండి! ఇప్పుడే మీ మెసేజీ చదివారండి మావారు. మేం మాత్రం తీసిపోయామా అని గ్రైండరు పెట్టేశారండి."

లోపల్నుంచి శ్రీనివాసరావు అచ్చు ఎత్తి చూపించాడు. వెండిలా మెరుస్తోంది. ఎనిమిది రేకులకి ఆరే మిగిలాయి.

"కొంచెం ఎక్కువ పట్టిందండి," అన్నాడు శ్రీనివాసరావు, "కానీ మెరుపు చూడండి!"

అప్పటికి గాని విజయరత్నానికి తను చేసిందేమిటో పూర్తిగా అర్థం కాలేదు. ఆ దంపతులు ఆయనకి కాఫీ ఇచ్చి, థాంక్సు చెప్పి పంపించారు. నిజం చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ కాఫీయే తాగాడు.

స్కూటరు తీసి చర్చి వెనక వీధిలో ఉండే కేథరిన్ ఇంటికి పరుగెత్తించాడు. కేథరిన్ క్వయరు నడిపే పిల్ల, బడిలో టీచరు. తన మెసేజీ కంటే ముందు తను చేరాలని ఆయన ఆశ. కేథరిన్ గేటు దగ్గరే అచ్చు పట్టుకుని నిలబడి వీడియో తీసుకుంటోంది.

"అంకుల్! కరెక్ట్ టైముకొచ్చేరు. బిఫోరు, ఆఫ్టరు పెడతన్నాను. మీ పేరు కూడా సెప్తన్నాను!"

"నా పేరెందుకులేమ్మా," అన్నాడు విజయరత్నం. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

ఇంతలో ఫోను మోగింది. పాస్టరు నతానియేల్‌గారు.

"వందనాలు అయ్యగారూ," అన్నాడు విజయరత్నం బలహీనంగా.

"వందనాలు రత్నంగారూ! ఎంత మంచి మాట రాశారండీ! నేను కూడా మా ఇంట్లో అచ్చు తోమేశాను. మీ మెసేజీ మా పాస్టర్ల గ్రూపులో పెట్టాను. గాజువాక నుంచి భీమిలి దాకా పన్నెండు సంఘాలకి వెళ్లిపోయింది. రేపు ఆరాధనలో మీ పేరు ప్రత్యేకంగా చెప్తాను."

విజయరత్నం స్కూటరు పక్కన, రోడ్డు మీదే కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఈ గడియ వరకూ విశాఖపట్నంలో ఎన్ని అచ్చులు మెరిసి ఉంటాయో ఆయన లెక్క వేయలేకపోయాడు. ఇక మెసేజీ చేరని ఇల్లు ఏదైనా ఉందా? ఫోనులో బొమ్మలే రాని మనిషి ఎవరైనా ఉన్నారా?

ఉంది. పోతమ్మ.

ఫిషింగ్ హార్బరులో చేపలమ్మే పోతమ్మ విజయరత్నం తల్లికి పాతికేళ్ల స్నేహితురాలు. పెళ్లి సారెలకి పిండివంటలు చేసిపెట్టడంలో అందె వేసిన చెయ్యి. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను, అదీ సగం రోజులు చార్జింగు ఉండదు. విజయరత్నం వెళ్లేసరికి పొద్దుటి వేలం ఎప్పుడో అయిపోయింది. మిగిలిన కానాగడత చేపల మీద ఐసు వేస్తోంది పోతమ్మ.

"పిన్నీ, నీకాడ గులాబీ పువ్వుల అచ్చుందేటి?"

"ఉంటాది. నీకెందుకు?" పోతమ్మ ఆయన చేతులకేసి చూసింది. గోళ్లనిండా ఎమరీ బూడిద. "ఒరే రత్నం, ఏటి తోమీసినావురా?"

ఎవరికీ చెప్పలేని నిజం ఆవిడకి ఒక్క ముక్కలో చెప్పేశాడు. పోతమ్మ నవ్వలేదు. బుట్ట మనవరాలికి అప్పజెప్పి, దగ్గర్లోనే ఉన్న ఇంటికి తీసుకెళ్లి, గుడ్డలో చుట్టిన అచ్చు తీసింది. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఆయన చెయ్యి చాపాడు.

"నీ సేతికిత్తానా? నాను అట్టుకుంటాను. బండి తియ్యి."

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో చెప్పుల గుట్ట. లోపల నాగమణి పిండి గిన్నెతో నిలబడింది. కేథరిన్ బకెట్టే తెచ్చింది. పాస్టరుగారి భార్య మిరియం కూడా ఉంది. అందరి అచ్చులూ పిండిని పట్టుకుని వదలడం లేదట. పిండి కలపడంలో తేడా అనుకుని, చిట్కా కోసం దీవెనమ్మ దగ్గరికి వచ్చారు. దీవెనమ్మ మాత్రం మొగుడి పేరు ఎత్తలేదు. పొయ్యి వైపు తిరిగి పెదవి కొరుక్కుంటోంది. ఆవిడ పరువు పోతున్నా తన పరువే కాపాడుతోందని ఆయనకి అర్థమైంది. ఇక ఊరుకోలేకపోయాడు.

"పిండి మంచిదేనమ్మా. తప్పు నాది. ఆ నలుపుతోనే పువ్వు జారుద్ది. నాకు తెలీదు. తెలీకుండానే ఊరందరికీ పాటం సెప్పీసేను."

నాగమణి తన ఆరు రేకుల అచ్చు చూసుకుని, "అయితే గ్రైండరు కూడా పెట్టకూడదన్నమాటండీ," అంది.

పోతమ్మ అందర్నీ తప్పించుకుని పొయ్యి ముందు కూర్చుంది. గుడ్డ విప్పి అచ్చు నూనెలో పెట్టింది. పిండిలో ముంచి, మళ్లీ నూనెలో దించి, ఒక్కసారి చిన్నగా ఆడించింది. పువ్వు జారి తేలింది, ఎనిమిది రేకులతో, ఒక్క పగులు లేకుండా. గదిలో ఆడవాళ్లంతా ఒక్కసారే ఊపిరి వదిలారు.

విజయరత్నం చూపు పువ్వు మీద లేదు. పోతమ్మ పిడికిలి కింద, కాడ మీద, మూడంకెలు. 417.

"పిన్నీ... అది మా అమ్మది!"

"మరెవరిదనుకున్నావు? పన్నెండేళ్ల కిందట మీయమ్మ అట్లపెనం తోమి ఎండిలాగ సేసీసినావా లేదా? మరసటి దినమే ఈ అచ్చు అట్టుకొచ్చి నాకిచ్చీసి, నాది తానట్టుకెల్లింది. 'మావోడి సెయ్యి ఊరుకోదు పోతీ, నీకాడుంటే బతుకుద్ది' అంది. నువ్వు తోమింది నా అచ్చురా!"

అందరూ పగలబడి నవ్వారు. దీవెనమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "అత్తమ్మ ఎంత తెలివైన మనిషి!" అంది. విజయరత్నం నవ్వలేదు. నవ్వుల మధ్య నిలబడి ఆ అతుకునే చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు వణికే చేతులతో పెట్టిన అతుకు, అన్నేళ్ల మరిగే నూనెలో మునిగి తేలి కూడా వెంట్రుకవాసి కదల్లేదు. దాన్ని అమ్మ పారేయలేదు, దాచింది. తన నుంచే దాచినా సరే, దాచింది.

ఆ పూట ఒకే బాణలి, ఒకే అచ్చు, నాలుగిళ్ల పిండి. పోతమ్మ అలిసిపోతే దీవెనమ్మ, దీవెనమ్మ అలిసిపోతే నాగమణి. అచ్చు ఆడవాళ్ల చేతులు మారిందే గాని విజయరత్నం దరిదాపులకి రాలేదు. ఆయనకి మైదా సంచులు మోసే పని, పన్నెండు సంఘాలకీ ఫోను చేసి క్షమాపణ చెప్పుకునే పని ఇచ్చారు. నాలుగింటికి పది నిమిషాలు తక్కువలో డబ్బా చర్చికి చేరింది.

మర్నాడు ఆరాధన అయ్యాక టీ బల్ల మీద మొదటి పళ్లెం వాళ్లింటిదే. పక్కన పోతమ్మ కొత్త చీర కట్టుకుని నిలబడింది. దీవెనమ్మే పట్టుబట్టి పిలుచుకొచ్చింది, ఆ పళ్లెం ఆవిడ చేతుల మీదుగానే పెట్టించింది. విజయరత్నం ఒక్కో పువ్వు అందిస్తూ, అచ్చు సంగతి, అతుకు సంగతి, దాన్ని కాపాడిన పిన్ని సంగతి కనీసం నలభై మందికి చెప్పాడు. ఆయన అంత పొంగిపోవడం ఏ క్రిస్మస్‌లోనూ ఎవరూ చూడలేదు. తోమిన అచ్చుకి మళ్లీ నలుపు పట్టించి పోతమ్మకి ఇవ్వడానికి సంక్రాంతి వరకూ గడువు కూడా తీసుకున్నాడు.

ఆ సాయంత్రమే దీవెనమ్మ దోసెల పెనం కడిగి, తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేసింది.