మాల్టాకి మంచి నెల

అంబాజీపేటలో ఎండిన కురిడీ కొబ్బరి వ్యాపారం చేసే కనకరాజు పెళ్లయిన నాటి నుంచీ ఒక నియమం తప్పకుండా పాటిస్తున్నాడు. పెళ్లాం ఏదడిగినా కాదనడు. "తప్పకుండా" అంటాడు. అన్నాక, ఆ పని ఈ జన్మలో జరక్కుండా ఏం చెయ్యాలో అది చూసుకుంటాడు. మేడకి మెట్లు కట్టిద్దామని సత్యదుర్గ అడిగితే తప్పకుండా అన్నాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో వడియాలు పెట్టాలంటే నిచ్చెన వేసుకునే ఎక్కుతున్నారు.

అలాంటి మనిషికి మరదలు శిరీష దగ్గర్నుంచి ఫోనొచ్చింది. శిరీషా, ఆమె మొగుడు శివాజీ మాల్టాలో ఉంటారు. మధ్యధరా సముద్రం నడుమ చిన్న దీవి అది. శివాజీ అక్కడో హోటల్లో వంట చేస్తాడు. శిరీష ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు.

"బావగారూ, ఈయన పనిచేసే హోటల్లో మనకో గది ఇస్తామన్నారండి. అక్కని తీసుకుని రావాలి మీరు. ఏ నెల్లో వస్తారో చెప్పండి, చాలు."

"తప్పకుండా తల్లీ! మంచి సీజన్ చూసుకుని వాలిపోతాం," అన్నాడు కనకరాజు.

ఆ మాట విని వంటింట్లోంచి సత్యదుర్గ చేతికి పిండితోనే పరిగెత్తుకొచ్చింది. తల్లి పోయాక తనే జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచిన చెల్లెలు శిరీష. పెళ్లి చేసి పంపాక ఫోన్లో తప్ప మళ్లీ ఎదురుగా చూసింది లేదు. ఆ పిల్ల అంత దూరంలో ఏం తింటోందో, ఎలా ఉంటోందో ఒక్కసారి కళ్లారా చూసి రావాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. ఆ సంగతి కనకరాజుకీ తెలుసు. తెలిసి మాత్రం ఏం చేస్తాడు? ఆయనకి విమానమంటే భయం.

మామూలు భయం కాదు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కితేనే, అవతల నర్సాపురం ఒడ్డు తగిలేదాకా కళ్లు తెరవడు. ఎవరైనా అడిగితే కంట్లో నలుసు పడిందంటాడు. వెళ్లేటప్పుడూ నలుసే, వచ్చేటప్పుడూ నలుసే. ఓసారి ఎవర్నో దింపడానికి రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి వెళ్లి, విమానం ముక్కు పైకెత్తి లేవడం చూసి, కింద నిలబడే కళ్లు తిరిగి పడిపోయాడు. ఎండదెబ్బ అని చెప్పుకున్నాడు. అప్పుడు వాన పడుతోంది.

ఇంత మీసం పెట్టుకుని ఈ మాట పెళ్లాంతో ఎలా చెప్పడం? అందుకని సీజన్‌ని పట్టుకున్నాడు. రోజూ కొట్లో కూర్చుని ఫోన్లో మాల్టా వాతావరణం చదివేవాడు. కొబ్బరి ధర చూడ్డం కూడా మానేశాడు.

"జూన్‌లో వెళ్దామండీ," అంది సత్యదుర్గ.

"జూన్‌లోనా! అప్పటికే ఎండలు ముదిరిపోతాయంట. జులైకి మనుషులు మాడిపోతారంట."

"వేసవంతా కళ్లంలో కొబ్బరి ఎండబెట్టుకునే మనిషి మీరు. కొత్తగా మీకు ఎండేంటండీ?"

"అది మన ఎండే. ఇది పైదేశం ఎండ. అలవాటు లేని ఎండ ఒంటికి పడదు."

"పోనీ ఆగస్టు?"

"ఆగస్టులో తెల్లోళ్లందరూ సెలవలకి అక్కడే దిగిపోతారంట. ఇసకలో కాలు పెట్టడానికి చోటుండదు."

"అంతర్వేది తీర్థంలో అంత జనంలో నన్ను మీరే కదండీ రథం దాకా లాక్కెళ్లేరు?"

"అక్కడ స్వామి ఉన్నాడే. అక్కడికెళ్తే పుణ్యం. మాల్టాలో ఎవరున్నారు?"

"మా చెల్లెలుంది."

కనకరాజు గబుక్కున సెప్టెంబరులోకి దూకాడు. సెప్టెంబరులో నీళ్లలో జెల్లీచేపలు తేలతాయనీ, తగిలితే ఒళ్లంతా దద్దుర్లనీ చెప్పాడు.

"మీరు నీళ్లలో దిగితే కదండీ దద్దుర్లు! ఓడలరేవు బీచికి వెళ్తే చెప్పులు కూడా విప్పరు."

"సరే, నవంబరు దాటితే ఈదురుగాలి. మనిషిని ఎత్తి అవతల పడేస్తదంట."

"తుఫానుకి చెట్లు పడిపోతుంటే కాయలు లెక్కెట్టుకున్న మీకు ఈదురుగాలి ఓ లెక్కా?"

"మార్చిలో పూలు బాగుంటాయంట గానీ, నీళ్లు మంచుగడ్డేనంట."

"అయితే ఆ దీవిలో మనుషులు ఏ నెల్లో బతుకుతున్నారండీ?" అంది సత్యదుర్గ.

కనకరాజు గొంతు తగ్గించి తత్వంలోకి దిగాడు. "అయినా సత్తెదుర్గా, దీవి చూడ్డానికి అంత దూరం దేనికే? మనం ఉంటున్నది దీవి కాదేంటి? రెండు పక్కలా గోదారి, ఓ పక్క సముద్రం. మనమే ఇక్కడ హాలిడేలో ఉన్నట్టు లెక్క."

"హాలిడేలో ఉంటే ఇన్నేళ్లబట్టీ అంట్లు నేనెందుకు తోముతున్నానండీ?"

ఇక తల్లిని అడ్డం వేశాడు. "ఈ వయసులో అమ్మనొక్కదాన్నీ వదిలేసి ఎలా వెళ్తామే? నా మనసొప్పదు."

అరుగు మీద తమలపాకులు తుడుచుకుంటున్న వీరాయమ్మ చెవులు ఈ ఒక్కమాట దగ్గరే పనిచేశాయి. "నన్నెందుకు వదుల్తావురా కనకం? నేనూ వత్తాను. మా వదిన కాశీ వెళ్లొచ్చి ముప్పై ఏళ్లు నా బుర్ర తినేసింది. నేను సముద్రాలు దాటెళ్లి దాని నోరు మూయించాలి."

ఆవిడ వదినగారు పోయి చాలాకాలమైంది. ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పుడు కనకరాజుకో దివ్యమైన ఆలోచన వచ్చింది. వీసా! ఎందరో చదువుకున్నవాళ్లకే ఇవ్వరట, మనకిస్తారా అనుకున్నాడు. హుషారుగా ఇద్దర్నీ వెంటబెట్టుకుని రైల్లో హైదరాబాదు వెళ్లి వేలిముద్రలు వేయించాడు. ఫొటోలో వీలైనంత దొంగమొహం పెట్టాడు. నెల తిరక్కుండా ముగ్గురికీ వీసాలొచ్చాయి. దొంగమొహం పెట్టినా వీసా ఇచ్చేశారంటే మనవాడి సహజమైన మొహం గురించి మనం ఆలోచించుకోవాలి.

దసరా ముందు శిరీష మళ్లీ ఫోన్ చేసింది. "బావగారూ, దసరా వెళ్లగానే వచ్చెయ్యండి. ఎండ తగ్గిపోద్ది, జనం వెళ్లిపోతారు, నీళ్లింకా వెచ్చగానే ఉంటాయి. జెల్లీచేపలు కూడా ఉండవండి, అక్క చెప్పింది, కనుక్కున్నాను. ఇంతకన్నా మంచి సీజన్ ఏడాదిలో లేదు."

"తప్పకుండా తల్లీ," అన్నాడు కనకరాజు. ఫోన్ పెట్టేసరికి చొక్కా తడిసిపోయింది.

ఆ సాయంత్రమే ఓ అరటిగెల మోటార్ సైకిల్‌కి కట్టుకుని సిద్ధాంతిగారింటికి బయల్దేరాడు. ఊళ్లో ఆయన్ని వర్జ్యం సిద్ధాంతి అంటారు. ఏ పని అడిగినా ముందు వర్జ్యమే చూస్తాడు. భోజనానికి పిలిస్తే మాత్రం ఆయనకి వర్జ్యం ఉండదు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మనకనవసరం. గెల అక్కడే ఉండిపోయింది.

మర్నాడు సిద్ధాంతిగారు పంచాంగం చంకన పెట్టుకుని వచ్చారు. వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి, బరువుగా నిట్టూర్చారు.

"రాజుగారి నక్షత్రానికి ఈ దసరా వెళ్లిన దగ్గర్నుంచి కార్తీకం దాటేదాకా పడమటి దిక్కుకి బయల్దేరడం పనికిరాదండి. బొత్తిగా పనికిరాదు."

"అయ్యయ్యో!" అని కనకరాజు తల పట్టుకున్నాడు. "నేను బట్టలు కూడా సర్దుకుందామనుకుంటున్నాను కదండీ! మా సత్తెదుర్గ మొహం ఎలా చూసేదండీ నేను!" అని కండువాతో కళ్లు కూడా ఒత్తుకున్నాడు. కాస్త ఎక్కువైందని సిద్ధాంతిగారికే అనిపించి మోకాలితో తట్టారు.

సత్యదుర్గ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. వాటిని చెంగుతో తుడుచుకుంది. తర్వాత మెల్లగా, "పోన్లెండి. ఊరికే అడుగుతున్నాను సిద్ధాంతిగారూ, ఈలోగా మంచిరోజు ఏదైనా ఉందాండీ?" అంది.

"ఆయ్, ఎల్లుండి గురువారం దివ్యంగా ఉందమ్మా. ముగ్గురికీ బాగుంది. కానీ ఎల్లుండికి ఎలా బయల్దేరతారు?"

"ఎలా బయల్దేరతామండీ," అంది సత్యదుర్గ, కాఫీ తేవడానికి లేస్తూ.

పడమటి దిక్కు మూసుకుపోయిందని కనకరాజు కొట్లో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. "మంచి సీజన్ మిస్సయిపోయేమండి, ఏంచేస్తాం" అని ఆ దసరా అంతా బాధపడుతూనే గారెలు రెండింతలు తిన్నాడు.

దసరా వెళ్లిన వారంలో ఓ పొద్దున్న కొట్టుకి బయల్దేరుతుంటే గుమ్మం ముందు కారొచ్చి ఆగింది. సత్యదుర్గ పట్టుచీర కట్టుకుని వచ్చింది. వెనకాల వీరాయమ్మ, స్వెట్టరు వేసుకుని, దానిమీద శాలువా కప్పుకుని, మంకీ క్యాపు పెట్టుకుని వచ్చింది. వీధిలో సిద్ధాంతిగారు చేతిలో కొబ్బరికాయతో, కనకరాజు వైపు చూడకుండా నిలబడ్డారు.

"ఎక్కడికే?" అన్నాడు కనకరాజు.

"మాల్టాకండి. మీకు ఉప్మా గిన్నెలో పెట్టేను."

"మాల్టాకా! సిద్ధాంతిగారూ, పడమటి ప్రయాణం పనికిరాదన్నారు కదండీ!"

"ఆయ్, బయల్దేరడం పనికిరాదన్నానండి," అన్నారు సిద్ధాంతిగారు కొబ్బరికాయతో మాట్లాడుతున్నట్టు. "వీరు దసరా ముందు గురువారమే బయల్దేరిపోయేరు కదండీ. ఇప్పుడు దార్లో ఉన్నారు."

"దార్లో ఉండడమేంటండీ! రాత్రి నాకు అన్నం వడ్డించింది!"

"దార్లోనే వడ్డించేరండి."

అప్పుడు పక్కింటి కుమారి తన వీధిగదిలోంచి రెండు పెట్టెలు దొర్లించుకుంటూ వచ్చింది. "గురువారం పొద్దున్న వదినగారు మా ఇంట్లో ప్రస్థానం పెట్టేరండి, అన్నయ్యగారూ. మాది మీకు పడమటిల్లే కదండీ."

కనకరాజు పెట్టెల వైపూ సిద్ధాంతిగారి వైపూ మార్చి మార్చి చూశాడు. మంచిరోజున పెట్టె తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే, ఆ తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆయన ఒక్కడికే గుర్తురాలేదు.

"ఇదంతా చాదస్తం!" అని అరిచాడు.

"చాదస్తమా?" అంది సత్యదుర్గ. "మీ లారీ అష్టమినాడు కదలాల్సొస్తే ముందురోజే ఓ కురిడీ మూట పెట్రోలు బంకులో పెట్టించి రారేంటండీ మీరు?"

కారు డ్రైవరు మొహం తిప్పుకుని నవ్వాడు. కనకరాజు తగ్గాడు. "సర్లే. మరి నా టిక్కెట్టు?"

"మీది పడమర పనికిరాని నక్షత్రం కదండీ. మిమ్మల్ని ఎలా తీసుకెళ్తాం? ఇంట్లో ఉండండి. మంచి సీజన్ వచ్చేక మీరొక్కరూ వద్దురుగాని."

ఒక్క క్షణం కనకరాజుకి ప్రాణం లేచొచ్చింది. తప్పించుకున్నాను దేవుడా అనుకున్నాడు. ఆ సంతోషం పూర్తిగా అనుభవించనివ్వకుండా వీరాయమ్మ కారులోంచి మంకీ క్యాపు బయటపెట్టింది.

"ఆడినేం అనకే కోడలా. ఆడికి విమానమంటే భయం. చిన్నప్పుడు తీర్థంలో రంగులరాట్నం ఎక్కిత్తే లాగూ తడిపేసుకున్నాడు. కిందకి దిగేక కూడా ఏడుపాపలేదు."

వీధి వీధంతా ఆ మాట వింది. కుమారి చెంగు నోట్లో కుక్కుకుంది. సిద్ధాంతిగారు పంచాంగం మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవరికే భయం?" అని గర్జించాడు కనకరాజు. "నాకా! రెక్క మీద కూర్చోమన్నా కూర్చుంటాను! ఏదీ, టిక్కెట్టు తియ్యండి చూద్దాం! మా ఆవిడా, మా అమ్మా గాల్లో వెళ్తుంటే నేనిక్కడ కొబ్బరిపీచు లెక్కెట్టుకుంటూ కూర్చుంటానా? ఇప్పుడే తియ్యండి!"

"నిజంగా వస్తారాండీ?" అంది సత్యదుర్గ.

"వస్తానే! ఇంతమందిలో చెప్తున్నాను!"

సత్యదుర్గ కుమారి వైపు చూసింది. కుమారి లోపలికెళ్లి మూడో పెట్టె తెచ్చింది. అందులో ఆయన ప్యాంట్లూ, పంచెలూ ఇస్త్రీ మడతలతో సహా ఉన్నాయి.

"టిక్కెట్టు మీకు ముందే తీసేమండి," అంది సత్యదుర్గ. "రమ్మంటే వచ్చే రకమా మీరు? వద్దంటేనే గానీ కదలరు."

కొబ్బరికాయ ఠప్పుమని పగిలింది. కనకరాజు గుండె కూడా అదే చప్పుడు చేసింది గానీ ఎవరికీ వినబడలేదు.

హైదరాబాదులో విమానం ఎక్కారు. కిటికీ పక్క వీరాయమ్మ, మధ్యలో సత్యదుర్గ, చివర కనకరాజు. ఎయిర్ హోస్టెస్ నవ్వితే ఆయన నమస్కారం పెట్టాడు. బెల్టు బిగించుకుని, దాని మీద కండువాతో ఇంకో ముడి వేసుకున్నాడు. విమానం పరుగు మొదలెట్టగానే కళ్లు గట్టిగా మూసుకుని, పక్కనున్న సత్యదుర్గ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది. గజగజ వణుకుతోంది. తన చెయ్యేనేమో అనుకున్నాడు. కాదు. ఒక కన్ను తెరిచి చూశాడు. సత్యదుర్గ రెండు కళ్లూ మూసుకుని, రెండో చేత్తో మంగళసూత్రాలు పట్టుకుని ఏదో గొణుక్కుంటోంది.

"ఏమే, నీకూ భయమా?"

"ఆయ్, చచ్చేంత భయమండి. టీవీలో విమానం వస్తేనే ఛానల్ మార్చేస్తాను."

"ఓసి నీ దుంపతెగ! మరి ఆ మాట ముందే చెప్పొచ్చు కదే!"

"చెప్తే ఏమయ్యేదండీ?" అంది సత్యదుర్గ కళ్లు తెరవకుండానే. "ఇద్దరం కలిసి సీజన్లు చూసుకుంటూ కూర్చునేవోళ్లం. అక్కడ నా చెల్లెలు ముసలిదైపోయేది."

కనకరాజు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి మాత్రం దిగేదాకా వదల్లేదు.