హాలు మధ్యలో స్తంభం

ఆ ఉదయం ఆర్కిటెక్టు పెట్టుకున్న పని ఒక్కటే. అక్క ఇంటి డ్రాయింగులు ఫ్రేములాయనకి పంపించి, కాసేపు కాళ్ళు బారజాపుకుని కూర్చోవడం. ఫ్రేములాయన అంటే ఫొటోలకి ఫ్రేములు కట్టే మనిషి కాదు. ఇంటికి కావలసిన చెక్క స్తంభాలూ దూలాలూ ఎంత లావుండాలో, ఏది దేనిమీద ఆనాలో లెక్కగట్టే ఇంజనీరు. ఆర్కిటెక్టుకి ఒక పట్టింపు ఉంది. గీత మొత్తం పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించడు. అంతా అయ్యాక పంపి, "దీన్నెలా నిలబెడతారో మీరు చూసుకోండి" అంటాడు. ఫ్రేములాయన తల పట్టుకుంటాడు.

అక్క ఊపిరితిత్తుల వార్డులో నర్సు. ఆయాసపడే మనుషుల్ని రోజూ చూస్తుంది కనక ఒకే మాట అడిగింది. "సిమెంటూ ఇనుమూ ఎంత తక్కువైతే అంత మంచిదిరా. వాటికోసం మండించే పొగ మన ఇంటి పేరున గాల్లోకి పోకూడదు. చెక్క ఇల్లు కట్టు." తమ్ముడు సరేనన్నాడు. కానీ అతనికి స్తంభమంటే గిట్టదు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక్క అడ్డూ లేని హాలు గీశాడు. అంత పొడుగుకి చెక్క దూలం ఆగదని లోలోపల తెలుసు. ఒక ఇనప దూలాన్ని సీలింగులో దాచేస్తే అక్కకి కనపడదులే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

ఫోనులో డ్రాయింగు వెతికి, సెండ్ నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపటికే ఫోను మోగింది.

"సార్, నమస్తే అండీ." అవతల ఫ్రేములాయన. "ఏమనాలో తెలీడం లేదు. నా సర్వీసులో మొదటిసారి ఒక ఆర్కిటెక్టు నన్ను ముందే అడిగారు."

"అబ్బే, అందులో ఏముందండీ. ఎప్పుడూ పంపేదే కదా" అన్నాడు ఆర్కిటెక్టు, సంగతేమిటో అర్థం కాకపోయినా పొగడ్తను వదులుకోలేక.

"అది మీ మంచితనం. హాలు మధ్యలో గుండ్రటి స్తంభం పెట్టారు చూశారూ, అక్కడ పడిపోయాను సార్. చెక్క గురించి తెలిసినవాళ్ళు తప్ప అలా పెట్టరు. ఇప్పుడే బయల్దేరి వస్తున్నా."

ఏ స్తంభం? ఆర్కిటెక్టు ఫోను తెరిచి చూసుకున్నాడు. పంపింది అసలు డ్రాయింగు కాదు. ఆదివారం అక్కవాళ్ళ భోజనాల బల్ల మీద పెన్సిలుతో గీసిన చిత్తుగీతకి తీసిన ఫొటో. దాని నడిమధ్యన గోధుమరంగులో ఒక వలయం. బావ టీ గ్లాసు పెట్టిన చోటు.

వెంటనే తిరిగి ఫోను చేశాడు. లైను బిజీ. ఎందుకు బిజీయో అక్క ఫోను చేశాక తెలిసింది. చిత్తుగీత మూలన ఆమె నంబరు రాసి ఉంది మరి.

"ఒరేయ్, ఆ ఫ్రేముల ఇంజనీరుగారు ఇప్పుడే ఫోన్ చేశార్రా. నీలాంటి తమ్ముడుండటం నా అదృష్టమట. గీత పూర్తవకముందే ఇంకొకళ్ళ సలహా అడిగావా నువ్వు? చిన్నప్పుడు చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నావని చెప్పినా వినేవాడివి కాదు." అక్క ముక్కు చీదింది. "మీ బావా నేనూ ఆఫీసుకొస్తున్నాం. ఇంజనీరుగారికి పూలు కూడా తెస్తున్నాం."

ఆర్కిటెక్టు ఆఫీసు ఒక చిన్న గది. చూస్తూండగానే కిక్కిరిసిపోయింది. అక్క పూలగుత్తితో వచ్చింది. బావ ఆమె హ్యాండ్‌బ్యాగుతో వచ్చాడు. ఫ్రేములాయన నమూనాకని మనిషంత దూలం ముక్కని భుజాన వేసుకొచ్చి, దాన్ని గుమ్మంలో తిప్పబోయి గోడ గడియారాన్ని పడగొట్టాడు. అయినా ఎవరూ ఏమీ అనుకోలేదు. అంత సంతోషంగా ఉన్నారు.

"మీకొక విషయం చెప్పాలండీ" అన్నాడు ఆర్కిటెక్టు.

"చెప్పాల్సింది నేను సార్." ఫ్రేములాయన అతని చేతులు రెండూ పట్టేసుకున్నాడు. "మా ఆఫీసులో మీ గీతని ప్రింటు తీసి గోడకి అంటించాం."

"అక్కా, నువ్వైనా విను."

"వింటాలేరా, ముందు ఈ పూలు పట్టుకో."

అతనికి ఒక ఉపాయం తోచింది. "హాలు మధ్యలో స్తంభమంటే అడ్డం కదక్కా? నీకు చిరాగ్గా ఉంటుంది."

"ఎందుకురా? డ్యూటీ నుంచొచ్చి చెప్పులు విప్పేటప్పుడు పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా. ఇన్నాళ్ళూ మీ బావని పట్టుకుంటున్నా. ఆయన కదుల్తాడు."

బావ ఈలోగా ఫ్రేములాయన తెచ్చి బల్లమీద పరిచిన ఇంకో ప్రింటుకేసి కళ్ళు చికిలించి చూస్తున్నాడు. "బామ్మర్దీ, ఇది నా టీ గ్లాసు మరక కాదూ?"

పూలగుత్తి పట్టుకుని నిలబడ్డ ఆర్కిటెక్టు ఇక తప్పక నోరు విప్పాడు. పంపబోయింది వేరే డ్రాయింగని చెప్పాడు. అక్కడితో ఆగినా సరిపోయేది; ఆ ఊపులో సీలింగులో దాచిన సంగతి కూడా చెప్పేశాడు.

"ఇనప దూలమా?" అంది అక్క, మెల్లగా. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఫ్రేములాయన తను తెచ్చిన చెక్క మీదే చతికిలబడ్డాడు. "అయితే మీరు నన్ను అడగలేదన్నమాట."

"అడగలేదు." ఆర్కిటెక్టు పూలు బల్లమీద పెట్టాడు. "ఇప్పుడు అడుగుతున్నానండీ. ఆ స్తంభం నిజంగా పనికొస్తుందా?"

ఫ్రేములాయన ప్రింటు దగ్గరికి లాక్కుని వంగి చూసి, నాలిక కరుచుకున్నాడు. "పనికొస్తుంది. కానీ సంతోషంలో నేనూ ఒకటి చూసుకోలేదు సార్. ఇది ఇక్కడుంటే వంటింటి తలుపు సగమే తెరుచుకుంటుంది."

"సగం తెరిస్తే మీ బావ పట్టడు" అంది అక్క. అందరికన్నా ముందు నవ్వింది బావే.

ఆర్కిటెక్టూ ఫ్రేములాయనా పెన్సిళ్ళు తీసుకున్నారు. స్తంభం కాస్త పక్కకి జరిగింది. ఆర్కిటెక్టు మెట్లని దాని పక్కకి తిప్పాడు. దూలం పొట్టిదైంది, చెక్కతోనే సరిపోయింది. ఇల్లు తేలికయ్యేసరికి పునాదిలో సిమెంటు తగ్గిందనీ, కార్బన్ లెక్క సగానికి పడిపోయిందనీ ఫ్రేములాయన చెప్పాడు. పైగా మూలన ఆర్కిటెక్టు ఊహించని చోట ఒక పెద్ద కిటికీ దొరికింది. సాయంత్రానికి కాయితం నిండా చెరుపుళ్ళే. తన గీతని ఇంకొకరు చెరిపితే ప్రాణం పోతుందనుకున్నవాడికి, ఎందుకో భుజాల మీంచి బరువు దిగినట్టు అనిపించింది.

ఇల్లు లేచింది. ఇనప దూలం లేకుండానే లేచింది. తాళాలు అందుకున్న రోజున అక్క ఇద్దరినీ చెరోపక్క నిలబెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఆర్కిటెక్టు ఫ్రేములాయన వైపు తిరిగి, "ఆ రోజు మీరు లేచి వెళ్ళిపోలేదు. ఆ మేలు మరిచిపోనండీ" అన్నాడు. తమ్ముడు ఒకరికి అంత సూటిగా కృతజ్ఞత చెప్పుకోవడం అక్క చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత అతను పూర్తిగా మారిపోయాడు. ఎవరైనా ఇల్లు కట్టుకోవాలనుందని నోరు తెరిస్తే చాలు, వాళ్ళు మాట ముగించేలోగా ఫ్రేములాయనకి ఫోను వెళ్ళిపోతుంది. మొన్న పాపం ఆయన బతిమాలుకున్నాడు:

"సార్, మీరు అడుగుతున్నందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ వాళ్ళు స్థలం కొన్నాక అడిగినా చాలండీ."