పదో వార్డు పసుపు పార్కు

ఆ ఉదయం గంగాకిషన్ తలపెట్టిన పని చిన్నదే. పదో వార్డు లేఅవుట్‌లో నీలవ్వ ఆరబెట్టిన పసుపును ఒక్కరోజుకు ఎత్తించాలి. ఆ ఖాళీ జాగా పార్కు కోసం వదిలింది. పార్కు తయారైంది, నడక దారి వేశామని పోయినేడు ఆర్మూరు మున్సిపాలిటీ నివేదిక మీద, జాగా మొహం చూడకుండా సంతకం పెట్టింది అతనే. ఇవాళ హైదరాబాదు నుంచి స్వర్ణలత మేడం తనిఖీకి వస్తోంది. పార్కు లేదని తేలితే ఉద్యోగం ఊడుతుంది.

మంచు ఇంకా విడలేదు. నేలంతా పసుపు కొమ్ములు. వెలుగు పైనుంచి కాక ఆ నేలలోంచే వస్తున్నట్టుంది. గంగాకిషన్ కాసేపు వచ్చిన పని మరిచాడు.

"అవ్వా, గియ్యాల ఒక్కదినం ఎత్తరాదూ?"

"ఉడకబెట్టి వారం గాలే. పచ్చిది కుప్పేస్తే బూజు పడ్తది. నీ పార్కు ఏడికి పోతది సారూ, ఎన్నడన్న వస్తే గద?"

అంతలో జీపు ఆగింది. మేడం దిగి, "ఇదేంటి?" అంది.

"నడక దారి మేడం. పసుపు రంగు కంకర," అంది గంగాకిషన్ నోరు, అతన్ని అడగకుండానే. ఊరంతా అదే వాసన కనుక వాసన అతన్ని పట్టించలేదు.

మేడం చెప్పులు విడిచి నడవసాగింది. పెద్దామె చెప్పులు విడిచిందంటే గుడికి జాగా చూస్తున్నారనుకుని ఎదురింటి లక్ష్మవ్వ దండం పెట్టి వెనక నడిచింది. బీడీలు చుట్టే చాటలు దించి మరో పదిమంది ఆడవాళ్లు వచ్చారు. మంచులో మాటా పలుకూ లేకుండా అందరూ తిరుగుతుంటే, అక్కడ ఏళ్లుగా పార్కు ఉందని గంగాకిషన్‌కే అనిపించింది.

నీలవ్వ మొదట గుండె పట్టుకుంది. తర్వాత ఆలోచించింది. "జర గట్టిగ తొక్కుర్రి. పొట్టు రాలుతది."

గంగాకిషన్ కళ్లు మూసుకున్నాడు.

మేడం వంగి ఒక కొమ్ము తీసి విరవబోయింది. అది వంగింది గానీ విరగలేదు. "ఇంకో నాలుగొద్దులు ఎండాలె," అంది. "మాది మోర్తాడ్, గంగాకిషన్ గారూ. పసుపు కల్లంలనే పెరిగిన. అవ్వను కదపకుర్రి. ఐదోనాడు మళ్ల వస్త. దారి ఉండాలె, చెట్లుండాలె. లేకుంటే మీ సంతకం ముచ్చట పైకి రాస్త."

ఆ నాలుగు రోజులూ గంగాకిషన్ దగ్గరుండి పసుపు చుట్టూ కంకర పరిపించాడు, వేప మొక్కలు నాటించాడు. ఐదోనాడు మేడం వచ్చేసరికి పసుపు లేచింది, పార్కు తేలింది.

ఆరోనాడు మున్సిపాలిటీకి ఒక అర్జీ వచ్చింది. వచ్చే ఏడు పసుపు ఎక్కడ ఆరబెట్టుకోవాలో జాగా చూపమని నీలవ్వ వేలిముద్ర వేసింది. కమిషనర్ దాని మీద ఒక్క ముక్క రాశాడు: "గంగాకిషన్ చూసి, తర్వాత సంతకం చేయగలరు."