ఎర్ర అక్షరాలు చదివిన ముంగిస

ఏడు వాగులు దాటాక వచ్చే ఒక పెద్ద అడవిలో ఒక కచేరీ, ఆ కచేరీలో ఒక కంప్యూటరు, దాని ముందు పింగళ అనే ముంగిస ఉండేవి. అడవికి వెళ్ళే ప్రతి ప్రకటనా పింగళే ఆ కంప్యూటర్లో ఎడిటర్ అనే రాత ప్రోగ్రాంలో టైపు చేసేది.

కిందటి వానాకాలం వాగు పొంగినప్పుడు "గుట్ట ఎక్కండి" అనబోయి "బుట్ట ఎక్కండి" అని కొట్టింది. పాపం, కుందేళ్ళన్నీ బుట్టలెక్కి కూర్చున్నాయి. వాగు వాటిని మూడు కోసుల దూరం ఊరేగించింది.

సింహరాజు మండిపడ్డాడు. "ఎడిటర్‌కి తగిలిస్తే తప్పులు దిద్దే ప్లగిన్ ఒకటుందట. వెంటనే పెట్టించండి!"

పింగళ ప్లగిన్ ఎక్కించబోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు!

"అయ్యా, ఇక్కడేదో రాసుంది. చదవమంటారా?" అని సూపరింటెండెంటు ఎలుగుబంటిని అడిగింది.

"ఎర్రగా ఉందంటే ప్రమాదం," అన్నాడు ఎలుగుబంటి భల్లూకప్ప రెండడుగులు వెనక్కి వేసి. "ప్రమాదాన్ని చదవకూడదమ్మా. పైకి పంపాలి."

పైకి పంపితే పైనుంచి సలహాదారు నక్క దిగాడు. మెడలో కండువా, నోట్లో ఇంగ్లీషు.

"ఈ ప్లగిన్ ఎక్కాలంటే దాన్ని ఎక్కించే ప్లగిన్ ముందు ఎక్కాలి," అన్నాడు నక్క.

అది ఎక్కించారు. మళ్ళీ ఎర్ర అక్షరాలు. దాన్ని సరిచేసేందుకు ఇంకోటి, ఇంకోదాన్ని బుజ్జగించేందుకు మరోటి. రాజుగారి ముచ్చట కోసం చెడు మాటను శుభవార్తగా మార్చే ప్లగిన్ కూడా పెట్టారు. పదకొండోది ఎక్కగానే ఎర్ర అక్షరాలు మటుమాయం!

"ఏం చేశారండీ?" అంది పింగళ.

"ఎర్ర అక్షరాలు దాచే ప్లగిన్ అమ్మా!"

కచేరీ కచేరీ అంతా గంతులేసింది. భల్లూకప్ప నక్కకి దండ వేసి, ఆ ఊపులో తనకూ ఒకటి వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొంగ రొప్పుతూ వచ్చింది. "పై కొండల్లో కుండపోత! ఇంకాసేపట్లో వాగు పొంగుతుంది!"

పింగళ గబగబా టైపు చేసింది: "వాగు పొంగుతోంది. అందరూ గుట్ట ఎక్కండి."

"ఎర్ర అక్షరాలేం లేవుగా? పంపించెయ్!" అంటూ భల్లూకప్ప అచ్చయి వచ్చిన కాగితాలు లాక్కుని, ప్రకటనలు మోసే కాకులకిచ్చేశాడు. మిగిలిపోయిన ఒక కాగితం పింగళ తీసి చూసింది. అందులో ఇలా ఉంది: "భాగ్యం పొంగుతోంది. అందరూ గట్టిగా నవ్వండి."

కిటికీలోంచి చూస్తే కుందేళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాయి. నీళ్ళు అప్పటికే మోకాళ్ళ దాకా వచ్చాయి. "అబ్బ, భాగ్యం ఎంత చల్లగా ఉందే!" అంటోంది ఒక ముసలి కుందేలు.

ఇక పింగళ ఎవర్నీ అడగలేదు. పదకొండు ప్లగిన్లూ పీకేసింది. మొదటిది మళ్ళీ ఎక్కించబోతే అవే ఎర్ర అక్షరాలు. ఈసారి ముక్కు తెరకి ఆనించి చదివింది: "మీ ఎడిటర్ పాతది. ముందు దాన్ని అప్‌డేట్ చేసి, మూసి తెరవండి."

"ఓసి నీ అమ్మ కడుపు బంగారం గానూ! ఇంతేనా?"

అప్‌డేట్ చేసింది, మూసింది, తెరిచింది. ప్లగిన్ బుద్ధిగా ఎక్కి కూర్చుంది. కొత్త ప్రకటన కాకులు పట్టుకెళ్ళాయి. నీళ్ళు నడుం దాటేలోగా చివరి కుందేలు కూడా గుట్ట ఎక్కేసింది.

వరద తీశాక విచారణ జరిగింది. భల్లూకప్ప గంభీరంగా చెప్పాడు: "ప్రభూ, నక్కగారు ఉన్నంతసేపు ఒక్క ఎర్ర అక్షరం లేదు. ఈ ముంగిస చెయ్యి పెట్టాకే కనబడింది!"

నక్క ఎర్రర్ల నిర్మూలన శాఖకి అధిపతి అయ్యాడు. పింగళకి మెమో వచ్చింది. అది చదివి పింగళ పడీపడీ నవ్వింది. మెమో తెచ్చిన జవాను ఆ గుట్ట ఎక్కి బతికిన ఒక కుందేలు మరి, నిక్షేపంలా గెంతుకుంటూ వచ్చాడు.

నీతి: తప్పు దాచినవాడికి దండ, తప్పు చదివినవాడికి దండన.