సొరకాయ కూర ప్రత్యక్ష ప్రసారం

ఆ రోజు పొద్దున రామ్మోహనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తన విద్యార్థుల కార్యక్రమం మధ్యాహ్నానికల్లా కాలేజీ రేడియోలో లైవ్‌గా అయిపోతుంది. అవగానే పక్క గల్లీలోని నీలమ్మ కర్రీ పాయింటుకు పోయి, గుత్తివంకాయ అయిపోకముందే ఒక ప్యాకెట్ కట్టించుకోవాలి. అంతే. ఇంత చిన్న కోరికకు అడ్డం వచ్చేదేముంటుందని ఆయన ధీమా.

బెజవాడలో ఏళ్ళ తరబడి రేడియో వార్తలు చదివి రిటైరైన మనిషి. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలోని ఒక కాలేజీలో పిల్లలకు పరిశోధనాత్మక జర్నలిజం, రేడియో ప్రసారం నేర్పుతున్నాడు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అనేది ఇవాళ్టి కార్యక్రమం విన్నాకే చెప్తానన్నాడు ప్రిన్సిపల్ ఉదయ్ భాస్కర్. కాంట్రాక్టు పోతే ఆయన మూడు పూటలా మియాపూర్ ఫ్లాట్‌లోనే భోంచెయ్యాలి. ఆ తలపుకే ఆయనకు చెమటలు పట్టేవి.

ఎందుకంటే, ఆయనకు బీపీ వచ్చినప్పటి నుంచీ భార్య భ్రమరాంబ ఇంట్లో ఉప్పునూ నూనెనూ దగ్గరికి రానివ్వడం లేదు.

"ఏమండీ, డబ్బా. సొరకాయ పెట్టాను. పెరుగు కలుపుకోండి."

"నీ చేతి వంట తింటుంటే ఆయుష్షు పెరుగుతోందోయ్," అని డబ్బా పుచ్చుకుని ఆయన బస్సెక్కాడు. ఆయన వెళ్ళాక ఆవిడ సత్సంగానికి వెళ్తుంది. అలాగని ఆవిడే చెప్పింది.

కాలేజీ గేటు దగ్గర రోజూలాగే డబ్బా వాచ్‌మన్ సాయిలు చేతిలోకి మారింది.

"ఇయ్యాల ఏంది సార్?"

"సొరకాయ."

"మల్లనా?" అన్నాడు సాయిలు దిగులుగా.

పాఠాల్లో మాత్రం రామ్మోహనరావుకు వంక పెట్టలేం. "రోజూ కళ్ళ ముందు జరిగేదాన్నే ఎవరూ చూడరు. మీరు అది చూడండి. మీవాడు, పై అధికారి అని ఎవరినీ వదలకండి. పేరు పెట్టి ఆరోపణ చేసేముందు అవతలి మనిషి జవాబు తీసుకోండి. ఇద్దరు సాక్షులు లేనిదే నమ్మకండి," అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టించుకున్నాడు. పిల్లలు శ్రద్ధగా విన్నారు, అక్కడే వచ్చింది చిక్కంతా. ఈసారి అంశమేమిటని అడిగితే, "మీకు గూడ చెప్పం సార్, ఎవరికీ చెప్పొద్దని మీరే అన్నరు కదా," అంది ప్రశాంతి అనే విద్యార్థిని. ఆయన మురిసిపోయాడు.

స్టూడియోలో ప్రశాంతి మైకు ముందు కూర్చుంది. కార్యక్రమంలో ఆమెకు జోడీ అయిన వేణు ఫోను పట్టుకుని బయట ఎక్కడో ఉన్నాడు. ప్రిన్సిపల్ కాఫీ కప్పుతో వచ్చి రామ్మోహనరావు పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"మన కాలేజీ గేటు దగ్గర రోజూ ఒక డబ్బా చేతులు మారుతోంది," అని మొదలుపెట్టింది ప్రశాంతి.

"ఎత్తుగడ బావుంది కదండీ," అని రామ్మోహనరావు ప్రిన్సిపల్ చెవిలో గొణిగాడు.

"ఇచ్చేది ఒక లెక్చరర్. తీసుకునేది వాచ్‌మన్. మధ్యాహ్నం అదే లెక్చరర్ గల్లీలోకి వెళ్ళి నల్ల కవర్ దాచుకుని తెస్తున్నారు. ఆ డబ్బాలో ఏముంది? పోయిన నెల పరీక్ష పేపర్ బయటికెలా వెళ్ళింది?"

ప్రిన్సిపల్ కాఫీ పక్కన పెట్టేశాడు.

"ఎవరమ్మా ఆ లెక్చరర్?"

"ఆయన జవాబు తీసుకున్నాకే పేరు చెప్పాలని మా సార్ నేర్పిన్రు," అంటూ ప్రశాంతి మైకును మెల్లగా రామ్మోహనరావు ముందుకు జరిపింది. "చెప్పండి సార్."

నోరు విప్పకపోతే పేపర్ దొంగ, విప్పితే ఇంట్లో బతుకు లేదు. కొట్టుమిట్టాడుతుండగా ఆయనకు ఒక సంగతి తట్టింది. ఇది చిన్న రేడియో, మియాపూర్ దాకా అందదు. ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకుని వార్తలు చదివే స్వరం తీశాడు.

"శ్రోతలకు నమస్కారం. ఆ లెక్చరర్ నేనే. డబ్బాలో ఉండేది ప్రశ్నపత్రాలు కావు, సొరకాయ. మా ఆవిడ వండేది కూర కాదు, మందు. నల్ల కవర్‌లోది మాత్రం నీలమ్మ గుత్తివంకాయ. ఆ చేతిలో అమృతం ఉంది. అలాంటి వంట మా ఇంట్లో నేను ఈ జన్మకు చూడను."

సాయిలును పిలిచి అడిగితే, "నిజమే సార్. గా సొరకాయతోని మేం గూడ పరేషానే. మా ఇంటిది ఉప్పు కారమేసి మల్ల పోపు పెడ్తది," అన్నాడు. ప్రిన్సిపల్ పగలబడి నవ్వాడు. రామ్మోహనరావు కుర్చీలో వెనక్కి వాలాడు, కాంట్రాక్టు గట్టెక్కినట్టే.

"ఇది డబ్బా సంగతికి సాక్ష్యం. కవర్ సంగతికి ఇంకో సాక్షి కావాలి," అంది ప్రశాంతి. "వేణు నీలమ్మ కర్రీ పాయింట్ దగ్గర్నుంచి లైన్‌లో ఉన్నాడు."

"నీలమ్మా, సారు రోజు వస్తడా?" అని వేణు గొంతు వినిపించింది.

"వస్తడు. మీద తేలిన నూనె ఇంకో గరిటె ఎయ్యమంటడు. గని బిడ్డా, నేను గల్లా కాడ కూసుంట, వంట నాది కాదు. ఆంధ్ర కూరలకు గిరాకి ఉంటదని మియాపూర్ మేడంను మాట్లాడుకున్న. లోపల వంటింట్ల ఉన్నది, గీ రేడియోనే ఇనుకుంట వండుతది."

"ఆమెకు ఫోన్ ఇయ్యి," అంది ప్రశాంతి.

గరిటె కింద పెట్టిన చప్పుడు రేడియో అందినంత మేరా, నానక్‌రామ్‌గూడ నుంచి కోకాపేట దాకా వినబడింది.

"ఏమండీ," అంది భ్రమరాంబ.

రేడియోలో నిశ్శబ్దం నేరమని పిల్లలకు బోధించిన మనిషి చాలాసేపు ఆ నేరం చేశాడు. చివరికి, "నువ్వు సత్సంగంలో ఉండాలి కదా?" అన్నాడు.

"మీరు సొరకాయ తింటూ ఉండాలి కదా? తేలిన నూనె అడిగే సారు ఎవరో పాపం అని రోజూ ఇంకాస్త ఎక్కువే పోస్తున్నాను. కూరలు వండి అమ్మితే పరువు పోతుందంటారని మీకు చెప్పలేదు. ఇప్పుడు అమృతమని మీరే ఊరంతా చాటారు. చాలా సంతోషం."

ఆ మాటలో సంతోషం ఎంతో రామ్మోహనరావు ఒక్కడికే తెలుసు.

స్టూడియో ఫోను మోగడం ఆగలేదు. గుత్తివంకాయ ఎక్కడ దొరుకుతుందని సగం మంది, సార్ క్షేమమేనా అని సగం మంది. ఇంతమంది విన్న కార్యక్రమం కాలేజీలో ఇంతకుముందు లేదని ప్రిన్సిపల్ అక్కడికక్కడే కాంట్రాక్టు పొడిగించాడు.

మర్నాటి నుంచి నీలమ్మ గల్లా పక్కన ఒక ప్యాకెట్ విడిగా ఉంటోంది. పైన రామ్మోహనరావు గారు అని పేరు, లోపల సొరకాయ.